సవరణ చీటీ

నలభై ఏళ్లు టైపు మిషను ముందు కూర్చున్నదాన్ని. ఎన్ని వేల పేజీలు కొట్టానో లెక్క లేదు. ఎవరెవరి మాటలో వేళ్ల మీదుగా పోతుంటాయి, ఒక్కటీ మనసులో నిలవదు. నిలిస్తే పని సాగదు. అయినా రెండు కాగితాలు మాత్రం నాకు కంఠతా వచ్చు. ఒకటి పదకొండు వరుసలు, రెండోది రెండు వరుసలు. రెండింటికీ మధ్య పాతికేళ్లు. రెండూ టోర్దాయి ఎతెల్కా గురించినవే.

మొదటిదాన్ని నవ్వుతూ కొట్టాను. ఆ సంగతి దాచను.

అది 1951 వసంతం. నేను బుడాపెస్ట్‌లో ఒక వారపత్రిక ఆఫీసులో టైపిస్టుని. పుస్తక సమీక్షలు రాసే హల్మోశ్ గెడెయోన్‌కు అప్పుడు ఇరవై ఆరేళ్లు. కాళ్లకు ఉన్నది ఒక్క జత బూట్లు, నోరు మాత్రం పదిమందికి సరిపడా ఉండేది. ఆయన చేత్తో రాసేవాడు కాదు. నా బల్ల చుట్టూ ప్రదక్షిణం చేస్తూ చెప్పేవాడు, నేను కొట్టేదాన్ని. ఆ రోజు ఆయన చేతిలో ఉన్నది ఎతెల్కా మొదటి కవితల పుస్తకం, 'ఉత్తరపు కిటికీ'. దాన్ని అటూ ఇటూ తిప్పి ఇలా చెప్పాడు:

"ఈ పుస్తకంలో అన్నీ ఉన్నాయి. కిటికీ ఉంది. కిటికీలో పూలకుండీ ఉంది. కుండీ పక్కన పద్ధతిగా పెరిగిన ఒక అమ్మాయి ఉంది. కవి మాత్రం కనబడలేదు. ఆలస్యంగానైనా వస్తారేమోనని చివరి పేజీ దాకా కూర్చున్నాను. రాలేదు."

మిగతా వరుసలు కాగితం కొరత గురించి, కార్మికుల అవసరాల గురించి, అప్పట్లో అందరూ రాసేవే. "రాలేదు" దగ్గర నేను పకపకా నవ్వాను. నా నవ్వు చూసి ఆయన ముచ్చటపడి ఆ మాటను అలాగే ఉంచేశాడు. నేను నవ్వకపోతే తీసేసేవాడేమో, నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను వదిలిపెట్టలేదు.

ఆ మాట ఊరి నోట్లో పడింది. ట్రాము ఆలస్యమైతే స్టాపులో ఎవరో ఒకరు "చివరి పేజీ దాకా చూశాం, రాలేదు" అనేవారు. స్నానశాలలో వేడినీళ్లు రాకపోయినా అదే మాట. ఎతెల్కా దాన్ని మొదటిసారి రొట్టెల కొట్టు దగ్గర వరుసలో నిల్చుని విన్నదట. ముందున్న ఆవిడ రొట్టెల బండి గురించి అని, నలుగురినీ నవ్వించిందట. ఎతెల్కా రొట్టె కొనకుండానే ఇంటికి వెళ్లిపోయింది.

ఆ సమీక్షను చూపించి పైవాళ్లెవరో గోదాములో మిగిలిన కాపీలన్నిటినీ గుజ్జు చేయడానికి కాగితం మిల్లుకు పంపించారు. పంపమని గెడెయోన్ అడగలేదు. పంపారని ఆయనకు తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. వారానికి మూడు పుస్తకాలు చదివే మనిషికి కిందటి వారం పుస్తకం ఏ గంగలో కలిస్తే ఏం?

ఐదేళ్లకు ఆయన వంతు వచ్చింది. యాభై ఆరులో జనం ప్రభుత్వం మీద తిరగబడ్డప్పుడు ఏదో కాగితం మీద సంతకం చేశాడు. ఆ గొడవలన్నీ అణిగాక, ఇకమీద విమర్శ రాయడానికి వీల్లేదన్నారు. మా దేశంలో అప్పుడొక పద్ధతి ఉండేది. నోరు పారేసుకున్న రచయితను జైల్లో పెట్టకపోతే అనువాదంలో పెట్టేవారు. సొంత మాట ఒక్కటి రాయకూడదు, పరాయివాళ్ల మాట ఎంతైనా రాసుకోవచ్చు.

అలా ఆయన మా ప్రచురణ సంస్థకు వచ్చాడు. అప్పటికి నేను అక్కడే పనిచేస్తున్నాను. విదేశీ కవిత్వం మా దగ్గర రెండు చేతుల మీదుగా తయారయ్యేది. ఫిన్నిష్, జార్జియన్ తెలిసిన కవులు అడుగడుగునా ఎక్కడ దొరుకుతారు? అందుకని భాష తెలిసినవాళ్లు మొదట మాటకు మాట దించి ఇచ్చేవారు. దాన్ని ముడి అనువాదం అనేవాళ్లం. ఒక మాటకు మూడు అర్థాలుంటే మూడూ మధ్యలో గీతలు పెట్టి పక్కపక్కనే రాసేవారు. తర్వాత పేరున్నవాళ్లు దాన్ని కవిత్వంగా మలిచేవారు. పుస్తకం మీద ఆ పేరున్నవాళ్ల పేరే పడేది. ముడి చేసినవాళ్ల పేరు ఫైలు మీద కూడా ఉండేది కాదు. భాష, నంబరు, అంతే.

ఫిన్నిష్ నాలుగో నంబరు ఎతెల్కా.

యుద్ధం రోజుల్లో ఆమె హెల్సింకీలో రెండేళ్లు చదువుకుంది. కవిత్వం మానేశాక ఆ భాషే అన్నం పెట్టింది. నెలకోసారి సోమవారం పొద్దున్నే మైనపుగుడ్డ సంచీలో కాగితాలు పెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చేది. మొదటి నెలలోనే ఆమెకు చెప్పేశాను, ఆ పదకొండు వరుసలూ కొట్టింది నేనేనని. కాసేపు నా వేళ్లకేసి చూసింది.

"అచ్చుతప్పు ఒక్కటి లేకుండా కొట్టారు," అంది.

ఆ రోజే మేం 'నువ్వు' అనుకునే దాకా వచ్చాం. మా దగ్గర 'మీరు' దాటి 'నువ్వు'లోకి రావడం ఊరికే జరగదు. పెద్దవాళ్లు పిలవాలి. ఆడామగా అయితే ఆడమనిషే పిలవాలి. గ్లాసులు పట్టుకుని, మోచేతులు మెలేసి, ఒక్క గుక్కలో తాగాలి. మేం కాఫీ కప్పులతోనే ఆ తంతు కానిచ్చాం.

గెడెయోన్‌కు ఫిన్నిష్‌లో ఒక్క ముక్క రాదు. కానీ నాలుగో నంబరు ఫైలు వస్తే ఆయన మొహం వెలిగిపోయేది. ఆ ముడి చేసేది ఎవరో రిటైరైన పాస్టరు అనీ, ఏ సరిహద్దు ఊళ్లోనో పైపు కాలుస్తూ కూర్చుని రాస్తుంటాడనీ ఆయనంతట ఆయనే ఊహించుకున్నాడు.

"ఏం వీల్మా గారూ, మా ముసలాయన ఈసారి ఏం పంపాడు?" అనేవాడు వస్తూనే.

"కీళ్లనొప్పులతో పంపాడు. తొందరపెట్టొద్దన్నాడు," అనేదాన్ని.

ఈ సంగతి చెబితే ఎతెల్కా కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వేది. "పైపు మానేశాడని చెప్పు. డాక్టరు తిట్టాడని చెప్పు," అనేది. తర్వాత నవ్వు ఆపి వేలు చూపించేది. "నేనని చెప్పావో, నీ పది వేళ్లకీ టైపు రిబ్బను చుట్టి కట్టేస్తాను."

ఆ ఫైళ్లతో గెడెయోన్ పెద్ద అనువాదకుడయ్యాడు. ఆయన పద్యాలు రేడియోలో చదివారు, పతకం ఇచ్చారు, బడిపిల్లల చేత వల్లె వేయించారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుందని నాలో నేను సణుక్కునేదాన్ని. అయితే ఆయన దొంగ కాదు. కవిత్వం వినే చెవి ఉన్న మనిషి. చివరికి ఆ చెవే ఆయన్ను నిలువునా పట్టించింది.

1975 శరదృతువులో ఫిన్లండ్ సరిహద్దు సీమ కరేలియా నుంచి శోకగీతాలు వచ్చాయి. అక్కడి పల్లెల్లో చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్లు పాడేవి. ఆ పాటల్లో పోయినవాళ్ల పేరు పలకరు. అమ్మను అమ్మ అని కూడా అనరు, 'నన్ను వెలుతుర్లోకి ఊపిన చెయ్యి' అంటారు. పేరు పలికితే పోయినవాళ్లకు నొప్పి కలుగుతుందట. మూడు నెలల తర్వాత గెడెయోన్ ఆ కట్టను తెచ్చి నా ముందు పెట్టాడు. చూస్తే అది ఎతెల్కా ఇచ్చిన ముడి అనువాదమే. మూడేసి మాటలున్న చోట రెండు కొట్టేసి ఒకటి ఉంచాడు. ఇంకెక్కడా ఆయన కలం పడలేదు.

"ఇదీ నా పని," అన్నాడు. "ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ చెడిపోతోంది వీల్మా గారూ. ఆ ముసలాయన ముడి ఇవ్వట్లేదు, కవిత్వమే ఇస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా ఇస్తున్నాడు. నేను దానికి తల దువ్వి బడికి పంపిస్తున్నా, అంతే."

అప్పటికప్పుడు మా విభాగాధిపతి ఫెల్లెగి ఒట్టో గదిలోకి వెళ్లాడు. ఏదో ఉత్తరం రాసుకోవడానికి నేనూ అక్కడే ఉన్నాను. ఫెల్లెగి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆయన్ను తిట్టుకునైనా బతికేవాళ్లం.

"పేరు పేజీలో ముడి చేసినవాళ్ల పేరు వెయ్యాలి. నాది తీసేసినా పర్లేదు," అన్నాడు గెడెయోన్.

"నువ్వేమన్నా చిన్నపిల్లాడివా?" అన్నాడు ఫెల్లెగి. "ఇవాళ ఫిన్నిష్ నాలుగుకి పేరిస్తే రేపు జార్జియన్ రెండు వస్తుంది. ఎల్లుండి ఉజ్బెక్ ఏడు వచ్చి నా కుర్చీలో కూర్చుంటుంది. ఇరవై ఏళ్లుగా వేసిన పుస్తకాలు ఎవరివయ్యా అని అడిగితే ఏం చెప్పను?"

"నిజం చెప్పు."

"నిజం అనేదానికి మా దగ్గర ఫారం లేదు గెడెయోన్. పట్టుబట్టావనుకో, పుస్తకం వచ్చే ఏటి జాబితాలోంచి ఎగిరిపోతుంది. నీ పేరూ ఉండదు, ఆయన పేరూ ఉండదు, పాటలూ ఉండవు. అదేనా నీక్కావాల్సింది?"

గెడెయోన్ బయటికి వచ్చి నా బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. "కనీసం ఆయనెవరో చెప్పండి. వెళ్లి కాళ్ల మీద పడతాను," అన్నాడు. ఇరవై ఏళ్లు దాచిన మాట. ఆయన కళ్లు చూసి నా నోరు ఆగలేదు.

"ఆయన కాదు, ఆవిడ. టోర్దాయి ఎతెల్కా."

సిగరెట్టు పెట్టె మీద ఆ పేరు శ్రద్ధగా రాసుకున్నాడు. "ఎతెల్కా," అని ఒకసారి అనుకున్నాడు. "సొంతంగా ఏమైనా రాశారా ఎప్పుడైనా?"

ఆ పేరు వినగానే ఆయన తెల్లబోతాడనుకున్నాను. నాలాగే ఆయన కూడా ఆ పదకొండు వరుసలూ మోస్తూ తిరుగుతున్నాడనుకున్నాను. ఆయన జేబులో ఏమీ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నిలబడి, చేతులు కట్టుకుని, బడిపిల్లలా మొత్తం అప్పజెప్పాను. పూలకుండీ దగ్గర ఆయన సన్నగా నవ్వాడు, మంచి వాక్యం విన్న మనిషి నవ్వినట్టు. 'రాలేదు' దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయింది.

"అది రాసింది..."

"మీరే. కొట్టింది నేను."

పక్కనున్న కార్బన్ కాగితాల పెట్టె మీద కూలబడ్డాడు. "బాగా రాశాను కదూ," అన్నాడు. ఆ గొంతులో గర్వం లేదు, భయం ఉంది.

ఆ చలికాలం పాత పుస్తకాల కొట్లన్నీ గాలించాడు. ఏదో మూతపడ్డ బడి ముద్ర ఉన్న ఒక్క కాపీ జనవరిలో దొరికింది. కొట్లోనే నిల్చుని చదివాడట. అక్కడి నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. మంచు బూట్లతో నేలంతా తడిచేశాడు.

"ఆవిడ వచ్చారు వీల్మా గారూ. మొదటి పేజీకే వచ్చి కూర్చున్నారు. నేనే చూడలేదు. పూలకుండీ దాకా చదివి, జోకు దొరికింది కదా అని అక్కడే ఆపేశాను. చివరి పేజీ దాకా కూర్చున్నానన్నది కూడా అబద్ధమే."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు చూశాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆయన్ను ఎతెల్కా ఇంటికి తీసుకెళ్లాను. గుట్టు విప్పేశానని ముందే చెప్పాను. "తెలుసులే, నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇరవై ఏళ్లు ఆగావు, అదే ఎక్కువ," అంది. గెడెయోన్ ఏడు పూలు కొని, చలికి వాడిపోకుండా పేపరు చుట్టి పట్టుకొచ్చాడు. మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయన చేతిలో పేపరు చిరిగిపోయింది.

ఎతెల్కా వేడివేడి పొగాచాలు, అంటే ఉప్పగా ఉండే చిన్న రొట్టెలు, పెట్టింది. మూడు చిన్న గ్లాసుల్లో ఆప్రికాట్ సారా పోసింది. ఆమె గెడెయోన్ కంటే నాలుగేళ్లు పెద్ద, పైగా ఆడమనిషి. 'నువ్వు' అనాలంటే ఆమే పిలవాలి. ఆయన గ్లాసు ఎత్తి, మోచెయ్యి కాస్త ముందుకు పెట్టి ఎదురుచూశాడు. ఆమె "మీ ఆరోగ్యానికి" అని తన గ్లాసు తను తాగేసి, మూతి తుడుచుకుంది.

"నేను రాసింది తప్పు," అన్నాడు గెడెయోన్.

"లేదండీ. సరిగ్గానే రాశారు."

"మళ్లీ చదివాను. నాలుగుసార్లు చదివాను. మీరు కవి. అప్పుడూ కవే, ఇప్పుడూ కవే."

"పైపు కాల్చే ముసలాయనగానే బావున్నాను కదండీ మీకు," అని నవ్వింది. ఆయన నవ్వలేదు. అప్పుడు ఆమె పళ్లెం పక్కకు జరిపి మెల్లగా మాట్లాడింది. "చూడండి. అప్పుడు చెప్పింది ఇరవై ఆరేళ్ల కుర్రాడు. నేనెవరో అతనికి తెలీదు. నా మీద కోపం లేదు, జాలీ లేదు. చదివాడు, తోచింది చెప్పాడు. ఇప్పుడు చెప్తోంది యాభై దాటిన పెద్దమనిషి. సిగ్గుపడుతూ, పూలు పట్టుకుని, మెట్లెక్కి వచ్చారు. ఇద్దర్లో ఎవర్ని నమ్మమంటారు? మీరే చెప్పండి, విమర్శకులు కదా."

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. నేను పొగాచా నోట్లో పెట్టుకుని మింగలేక, కక్కలేక కూర్చున్నాను.

మెట్లు దిగుతుంటే గెడెయోన్ మధ్యలో ఆగాడు. "నా మాట జనం నమ్మాలని బతుకంతా కష్టపడ్డాను వీల్మా గారూ. నమ్మారు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటానంటే ఎవరూ ఇవ్వడం లేదు."

ఆ పాటికి ఆయన్ను మళ్లీ విమర్శ రాయనిస్తున్నారు. 'ఉత్తరపు కిటికీ' మీద కొత్తగా పద్నాలుగు పేజీలు రాశాడు. ఈసారి నోటితో చెప్పలేదు, చేత్తో రాసి తెచ్చాడు. ఆయన అంత నిజాయితీగా రాసింది నేను ఇంకేదీ కొట్టలేదు. మూడు పత్రికలకు పంపాం. మూడూ మర్యాదగా వెనక్కి పంపాయి. చాలా బాగుంది, కానీ పుస్తకం ఏ కొట్లోనూ లేదు కదా, దొరకని పుస్తకానికి సమీక్ష వేస్తే చదివేవాళ్లు మమ్మల్ని అడుగుతారు అన్నాయి. పోనీ పుస్తకం మళ్లీ వేయిద్దామంటే రచయిత్రి కోరాలి. రచయిత్రి కోరదు.

అప్పుడు గడ్డి తిన్నది నా బుద్ధే. మార్చిలో శోకగీతాలు అచ్చుకు వెళ్లాలి. పేరు పేజీ కాగితం టైపు చేసేది నేనే. అనువాదం అన్న మాట కింద టోర్దాయి ఎతెల్కా అని కొట్టేశాను. గెడెయోన్ నా వెనకే నిల్చుని చూస్తున్నాడు.

"ఫెల్లెగి చూస్తే?"

"చూడడు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన కళ్లు సెలవుకి వెళ్లే బలటోన్ సరస్సు మీద ఉంటాయి."

అలాగే జరిగింది. ఫెల్లెగి కట్టలోని కాగితాలన్నిటి మీదా వరసపెట్టి సంతకాలు చేసి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. మేమిద్దరం మిఠాయి కొట్టుకు వెళ్లి చెరో రెండు క్రీము కేకులు తిన్నాం. ఆయన మీసానికి చక్కెర పొడి అంటుకుంది. అంత సంతోషంగా ఆయన్ను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఎతెల్కాను ఆశ్చర్యపరుద్దామనుకున్నాం. ఆమెను ఒక్కమాట అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. పాతికేళ్ల కిందటా ఆమెను ఎవరూ అడగలేదు.

మే నెలాఖరులో మొదటి కాపీలు వచ్చాయి. ఒకటి సంచీలో వేసుకుని ఎతెల్కా ఇంటికి పరుగెత్తాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని పేరు పేజీ తీసింది. ఏడుస్తుందనుకున్నాను. కౌగిలించుకుంటుందనుకున్నాను. చాలాసేపు చూసి పుస్తకం మూసేసింది.

"ఎన్ని కాపీలు వేశారు?"

"మూడు వేలు."

"ఎవరు చెయ్యమన్నారే నిన్ను?"

నేను ఏదో అనబోయాను. పని నీది, మాటలు నీవి, పేరు నీది కావద్దా అన్నాను. ఆ పాటల్లోనే పేరు పలికితే నొప్పి అంటారు కదా, నాకెందుకు పేరు అని మొదట వేళాకోళం చేసింది. నేను వదల్లేదు. వదిలి ఉంటే బాగుండేది.

"ఆయన రాసింది తప్పయితే నా పాతికేళ్లు ఏమైపోయినట్టు వీల్మా?" అంది. గొంతు పెంచలేదు. "మొదటి రెండేళ్లు చెయ్యి కలం కోసం వెతుక్కునేది. రోజూ పొద్దున్నే లేచి, రాయకుండా, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చునేదాన్ని. తర్వాత ఒకరోజు అనుకున్నాను, నేను కవిని కాదు, కాబట్టి పోయిందేమీ లేదు అని. ఆ రోజు నిద్ర పట్టింది. అప్పట్నించీ పడుతోంది. ఇప్పుడు మీరిద్దరూ వచ్చి, అయ్యో, మీరు కవేనండీ, పొరపాటైంది అంటున్నారు. పాతికేళ్ల పద్యాలు ఎక్కణ్ణించి తెచ్చిస్తారు? తేలేరు. ఉన్న ఆ కాస్త నిద్రా పట్టుకుపోతారు, అంతేగా?"

నా బతుకులో అంత సిగ్గుపడింది లేదు. మేలు చేస్తున్నామనుకుని మూసుకున్న తలుపును తన్నాం, అది తెరుచుకోలేదు, ఆమెకు దెబ్బ మాత్రం తగిలింది.

మర్నాడు ఆమె టోపీ పెట్టుకుని, చేతితొడుగులు వేసుకుని, ఫెల్లెగి గదికి వచ్చింది. ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పేరు పేజీలో తప్పు పడిందని సొంత దస్తూరితో రాసిన ఉత్తరం బల్ల మీద పెట్టింది. ఫెల్లెగి కంగారుపడ్డాడు. కాగితం మీద సంతకం తనదే కదా.

"అచ్చయిపోయింది కదమ్మా," అన్నాడు. "ఎవరూ గమనించరు. ఉండనివ్వండి. నిజం చెప్పాలంటే పని మీదే కదా."

ఆ మాట ఆయన నోట వింటానని నేననుకోలేదు. ఆఫీసు ఒప్పుకుంది. ఆమె ఒప్పుకోలేదు.

"తప్పు పడితే పుస్తకంలో సవరణ చీటీ పెడతారు. పద్ధతి ఉంది కదా. పెట్టండి," అంది.

ఫెల్లెగి నాకేసి చూశాడు. నేను మిషనులో కాగితం ఎక్కించాను. అదే నాకు కంఠతా వచ్చిన రెండో కాగితం.

"సవరణ: పేరు పేజీలో అనువాదకుల పేరు పొరపాటున తప్పుగా పడింది.
సరైన పేరు: హల్మోశ్ గెడెయోన్."

అచ్చుతప్పు ఒక్కటి లేకుండా కొట్టాను. కన్నీళ్లకు అక్షరాలు కనబడకపోయినా వేళ్లకు దారి తెలుసు.

జూన్‌లో పుస్తకాల వారం వచ్చింది. నగరం మధ్యలో చౌకు నిండా బల్లలు, రంగు గొడుగులు, జనం. మా బల్ల వెనక గెడెయోన్ కూర్చున్నాడు, పక్కన నేను కాపీలు అందిస్తున్నాను. ఎవరు పుస్తకం చాపినా ఆయన ముందు అందులోని చీటీ లాగి కోటు జేబులో కుక్కుకునేవాడు. పేరు పేజీ చూపించి, "ఈ పేరే నిజం. అనువాదం ఆవిడది. నాకు ఫిన్నిష్ రాదు," అనేవాడు. జనం తలలూపేవారు. ఎంత పెద్దవాడు, ఎంత వినయం అని పక్కవాళ్లతో చెప్పుకుంటూ వెళ్లేవారు. మధ్యాహ్నానికి ఆయన జేబులు రెండూ ఉబ్బిపోయాయి. ఆయన పేరు ఇంకాస్త పెరిగింది. మిగతా కాపీలు అప్పటికే చీటీలతో సహా రైళ్లెక్కి ఊళ్లకు వెళ్లిపోయాయి.

మూడు గంటలప్పుడు వరుసలో ఎతెల్కా కనబడింది. గడ్డి టోపీ పెట్టుకుని, పుస్తకం గుండెలకు ఆనించుకుని, పద్ధతిగా తన వంతు వచ్చేదాకా నిల్చుంది. ఆమె దగ్గరికి రాగానే గెడెయోన్ లేచి నిలబడ్డాడు.

"సంతకం పెట్టు గెడెయోన్," అంది.

ఆ 'పెట్టు' నేనూ విన్నాను. ఆయన కలం కింద పెట్టేశాడు.

"పెద్దదాన్ని నేనే కదా, నేనే పిలవాలి," అంది ఎతెల్కా. "సారా లేదు, సోడాతో సరిపెట్టుకో."

నా ముందున్న రాస్ప్‌బెర్రీ సోడా గ్లాసు తను తీసుకుంది, ఆయన గ్లాసు ఆయన చేతికిచ్చింది. పుస్తకాల దొంతర మీదుగా మోచేతులు మెలేసి ఇద్దరూ ఒక్క గుక్కలో తాగారు. వెనక వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. గెడెయోన్ కళ్లు తుడుచుకుని, "థాంక్స్ ఎతెల్కా," అన్నాడు. ఆయన్ను క్షమించిందని నాకు అర్థమైంది. అంతకుమించి ఇవ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేదని కూడా అర్థమైంది.

ఆయన కూర్చుని పుస్తకం తెరిచాడు. పొద్దుణ్ణించీ అలవాటైన వేళ్లు చీటీ కోసం వెళ్లాయి. అది ఊడి రాలేదు. మిగతా కాపీల్లో చీటీ పేజీల మధ్య వదులుగా పడి ఉండేది. ఎతెల్కా దాన్ని పేరు పేజీలో తన పేరు మీదే పెట్టి, నాలుగు మూలలా జిగురు రాసి అంటించుకొచ్చింది. గెడెయోన్ ఒక మూలను గోటితో లేపాడు. చీటీతో పాటు కింది కాగితం కూడా పొరగా లేస్తోంది.

"చిరుగుతుంది," అంది ఎతెల్కా. "వదిలెయ్."

ఆయన లేచిన మూలను బొటనవేలితో మళ్లీ అణిచిపెట్టాడు. దాని కింద సంతకం చేశాడు. సిరా ఆరేదాకా పుస్తకం తెరిచి పట్టుకుని కూర్చున్నాడు.